ఎనిమిదో పేజీ అడుగున

పుస్తకం చేతికి రాగానే నేను అట్ట చూడను, ముందుమాట చదవను. తిన్నగా విషయసూచిక దగ్గరికి వెళ్తాను. అది తిన్నగా ఉంటే రాసినాయనకి నా మీద కాస్త దయ ఉన్నట్టు. లేకపోతే ఎంత పండితుడైనా సరే, మూసి పక్కన పెట్టేస్తాను. కథల పుస్తకాల సంగతి వేరు, అక్కడికి మనం దారి తప్పడానికే వెళ్తాం. కానీ కొబ్బరికి తెగులొస్తే ఏం చెయ్యాలి, పసిబిడ్డకి విరేచనాలైతే ఏం పట్టాలి అని చెప్పాల్సిన పుస్తకంలో కూడా నన్ను పేజీ పేజీ వెతుక్కోమంటే నాకు ఒళ్లు మండుతుంది. బిడ్డకి విరేచనాలవుతుంటే ఎవరమ్మా వెతికేది?

మావాళ్లు దీన్ని పొగరంటారు. అననీ. నేను ఇప్పుడు రాసేవి అలాంటి చిన్న చిన్న పుస్తకాలే. ఊళ్లో జనం ఇంట్లో మేకుకి తగిలించుకుని, అవసరమొచ్చినప్పుడు తీసి చూసుకునేవి. ఏది ముందు రావాలి, ఏది తర్వాత రావాలి, ఏది అసలు రాకూడదు అన్న విషయంలో నాతో వాదించి నెగ్గినవాళ్లు తక్కువ. ఈ విద్య నాకు కాలేజీలో రాలేదు. పలాసలో జీడిపప్పు బల్ల దగ్గర కొంత, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి వరండాలో కొంత వచ్చింది. నేర్చుకున్నది నేనే, కానీ దానికి మూల్యం చెల్లించింది మా బావ.

తొంభైల చివర్లో టెక్కలిలో డిగ్రీ చదివాను. వ్యాసరచన పోటీ ఎక్కడ పెట్టినా మొదటి బహుమతి నాదే. బహుమతి అంటే స్టీలు గ్లాసు. మా అమ్మ వాటిని అలమారలో వరసగా బోర్లించి, వచ్చినవాళ్లకల్లా చూపించేది. వ్యాసం రాయడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. అంశం ఏదైనా సరే, ఆదిమానవుడితో మొదలుపెట్టాలి. నీటి కాలుష్యమా? ఆదిమానవుడు నది ఒడ్డున ఉండేవాడు. స్త్రీ విద్యా? ఆదిమానవుడికి చదువు లేదు. అక్కణ్నుంచి రాజుల కాలం, దొరల కాలం దాటుకుంటూ వచ్చి, నాలుగో పేజీలో అసలు విషయాన్ని తాకాలి. మాస్టార్లు మురిసిపోయేవారు. ఎంత రాస్తే అంత మార్కు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాలేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి కుదిరాను. పొట్టు తీసిన పప్పు బల్ల మీద కుప్ప పోస్తారు. చుట్టూ ఆరుగురం ఆడవాళ్లం కూర్చుని వేరు చెయ్యాలి. విరగనిది గుండు, రెండుగా విడిపోయింది బద్ద, చితికిపోయింది నూక. గుండులో మళ్లీ లావుగా, తెల్లగా ఉన్నది అన్నిటికంటే పైన. చూడగానే చెయ్యి దానంతటదే వెళ్లాలి, ఆలోచించేవాళ్లు ఆ బల్ల దగ్గర పనికిరారు. ఏడాది తిరిగేసరికి నాకు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్లిభోజనానికి కూర్చున్నా ఎదుటి వరసలో మనుషుల్ని గుండు, బద్ద, నూక కింద ఏరేసేదాన్ని. అన్నాల వేళ తోటివాళ్లకి అర్జీలు రాసిపెట్టేదాన్ని. దస్తూరి బాగుంటుందని పేరు. ఆ పేరు నెత్తికెక్కింది, దాచడం ఎందుకు.

మా అక్కని కవిటి దగ్గర ఒక ఊళ్లో ఇచ్చారు. బావకి కొద్దిపాటి కొబ్బరితోట, గట్టు మీద నాలుగు జీడిచెట్లు. చెట్లు తనే ఎక్కేవాడు. మనిషిని పెట్టుకోవయ్యా అంటే, "మా సెట్లకి నా కాలే అలవాటు, ఇంకోడెక్కితే బెదిరిపోతాయి" అనేవాడు. అక్షరాలు సంతకం వరకే. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నన్ను గుమ్మంలో చూస్తే చాలు, మొదలెట్టేవాడు.

"ఏటే మరదలా, మళ్లీ గలాసు గెలిసేవా? మీ ఇంట్లో గలాసులు పెరిగిపోతన్నాయి గానీ, నీళ్లు తాగడానికి మనుసులు సాలట్నేదు!"

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ మనిషికి కాళ్లు ఉబ్బడం మొదలైంది. అన్నం సహించేది కాదు. సోంపేటలో రక్తం చూసి క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, కిడ్నీలు దెబ్బతింటున్నాయన్నారు. ఆ మాట మా వైపు అక్షరం రానివాళ్లకీ వచ్చు. ఎవరింట్లోనైనా ఆ మాట వినిపిస్తే వీధి మొత్తం గొంతు తగ్గించి మాట్లాడుతుంది. సోంపేట డాక్టరు మంచివాడు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంకా మొదట్లోనే ఉంది, ఇక్కడ ఆపగలిగితే ఏళ్లు గడిచిపోతాయి, జారిపోతే రక్తం శుద్ధి చేసే మిషను మీద పడుకోవాల్సి వస్తుంది, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించండి అన్నాడు.

అక్క ఆ మర్నాడే పలాస వచ్చింది. చేతిలో సంచి, సంచి నిండా కాగితాలు. "అమ్మీ, డాట్రు అడిగితే ఈయన ఒకటి సెప్తాడు, నానొకటి సెప్తాను. ఇద్దరం కలిసి ఏటీ సెప్పం. నువ్వు ఒక కాయితం రాసీ. నీ రాత సూసైనా మా మాట ఇంటాడు," అంది. ఆ మాటకి నాకు పట్టరాని గర్వమొచ్చింది. బావ ప్రాణం నా పెన్నులో ఉందనుకున్నాను. ఒక రకంగా ఉంది కూడా.

ఆదివారం సోంపేట మీదుగా బస్సు పట్టుకుని వాళ్లూరు వెళ్లాను. ఇక్కడ మావాళ్ల తీరు ఒకటి చెప్పాలి. ఉద్దానంలో, అంటే మా కవిటి, సోంపేట వైపు తోటల ఊళ్లలో, ఎవరూ వచ్చిన పని ముందు చెప్పరు. వచ్చినవాడికి బొండం కొట్టి ఇస్తారు. తోట ఎలా ఉంది, ఆవు ఈనిందా, పెద్దమ్మాయి అత్తారు మంచోళ్లేనా, అన్నీ అవుతాయి. ఇక వెళ్లొస్తానని లేచి, చెప్పులు తొడుక్కుని, ఒక కాలు గడప దాటాక, "అన్నట్టు ఇంకోటి..." అని మొదలుపెడతారు. ఆ ఇంకోటే అసలు పని. పెళ్లి సంబంధమైనా, పొలం తగాదా అయినా, గడప దగ్గరే తేలుతుంది. ముందే చెప్పేస్తే మర్యాద కాదు, అవసరానికి వచ్చాడనుకుంటారు.

బావ కూడా వాళ్ల తాత దగ్గర మొదలెట్టాడు. "మా తాత ఈ తోట ఏసిన కాడినుంచి రాయాల. నేకపోతే ఈ ఒళ్లు ఎక్కడిదో ఆ డాట్రుకేటి తెలుస్తాది?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా ఆదిమానవుడు దొరికాడు. తాత ఇసకలో నీళ్లు మోసి మొక్కలు బతికించడం, బావ మొదటిసారి చెట్టెక్కి దిగలేక ఏడవడం, ఏ గాలివానకి ఎన్ని చెట్లు పడ్డాయి, ఏ చేలో ఎంత చెమటోడ్చాడు, అన్నీ రాశాను. బావ చెబుతుంటే అక్క మధ్యలో నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. కాళ్లు ఎప్పుడు ఉబ్బాయన్నది ఆరో పేజీలో వచ్చింది.

బస్సు టైమైందని లేచాను. చెప్పులు తొడుక్కున్నాను. బావ గడప దాకా వచ్చి, "అన్నట్టు, నడుం నొప్పికి సాయంత్రం పూట ఓ బిళ్ల ఏసుకుంటాను. కొట్టులో అమ్ముతారు కాదేటి, ఆ బిళ్ల. సెట్లెక్కిన రోజు రెండు. అది రాయక్కర్నేదులే," అన్నాడు.

రాయక్కర్లేదన్నాడు గానీ నేను రాశాను, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నిలబడే రాశాను. ఎనిమిదో పేజీలో అడుగున కాస్త చోటు మిగిలితే, అక్కడ ఇరికించాను.

తర్వాత సంచిలో కాగితాలు ఇంటికి తెచ్చుకుని సర్దాను. ఎలా సర్దాను? పప్పు ఏరినట్టు ఏరాను. ఆసుపత్రి పేరు అచ్చేసి ఉన్న కాగితాలు, నున్నగా మెరిసే స్కానింగు బొమ్మలు, కంప్యూటరులో కొట్టినవి పైన. చేత్తో రాసిన సోంపేట చీటీలు మధ్యలో. ఊళ్లో సూది వేసే ఆయన సిగరెట్టు పెట్టె అట్ట మీద గిలికిన చీటీలు, కొట్టువాడు బిళ్లలు చుట్టిచ్చిన కాగితం ముక్కలు అన్నిటికంటే అడుగున. గుండు పైన, నూక కింద. అక్క ఆ కట్ట చూసి, "ఓలమ్మ, ఎంత సక్కగా పెట్టేవే!" అంది. నాకూ అలాగే అనిపించింది.

వాళ్లు సోంపేటలో రైలెక్కారు, నేను పలాసలో కలిశాను. విశాఖపట్నంలో ఆ ఆసుపత్రి వరండాలో మాకంటే ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం మానేశాను. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు ముఖం అప్పటికే వాడిపోయి ఉంది. నేను ఎనిమిది పేజీలు రెండు చేతులతో అందించాను. ఆయన మొదటి పేజీ చూశాడు. తాత, ఇసక, మొక్కలు. రెండో పేజీ తిప్పాడు. గాలివాన. తిప్పి, చాలా మర్యాదగా బల్ల మీద పక్కకి పెట్టాడు. కట్టలో పైన ఉన్న రెండు పెద్ద కాగితాలు చూశాడు, కాళ్లు నొక్కి చూశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, మందులు రాశాడు.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాడు కూడా.

బావ నా వైపు చూశాడు. నేను కాగితాల వైపు చూశాను. "అన్నీ అందులో రాశానండీ," అన్నాను. ఆయన తలూపాడు. మూడు నెలల తర్వాత రమ్మన్నాడు. తర్వాతి పేరు పిలిచేశారు.

తిరుగు రైల్లో పలాస వచ్చేదాకా ఆ డాక్టరుని తిట్టిపోశాను. అంత చదువుకున్నవాడికి ఎనిమిది పేజీలు చదివే ఓపిక లేదా? నేను రాసింది మాస్టార్లు క్లాసులో చదివి వినిపించేవారు! బావ కిటికీ పక్కన కూర్చుని అంతా విన్నాడు. చివరికి, "ఆయన తప్పేటి నేదే మరదలా. నీ గలాసుల సంగతి ఆయనకెవుడూ సెప్పినేదు," అన్నాడు. అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మూడు నెలలు కావస్తుండగా ఒకరోజు అన్నాల వేళ అక్క ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. మళ్లీ రక్తం చూశారట. "సెల్లీ, పెరిగిపోనాది," అంది. గోడవార మట్టిలోనే కూలబడింది. మందులు వేళకి వేస్తున్నాం, ఉప్పు ముట్టడం లేదు, చేపలు కూడా మానేశాడు, మరి ఎందుకు పెరిగిందే అని నన్నడిగింది. అక్క పక్కన కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాను. భయమేసింది. ఆ మనిషి మిషను మీద పడుకుంటాడా, ఆ నోరు మూతపడుతుందా అనిపించింది. ఏం చెయ్యాలో తెలియకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ వారంలోనే ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక మిఠాయి వ్యాపారి ఫ్యాక్టరీకి వచ్చాడు. మా మేస్త్రికి కొత్త బేరమంటే పండగ. బల్ల దగ్గరికి తీసుకొచ్చి, లావు గుండు దోసిట్లోకి తీసి చూపించడం మొదలెట్టాడు. చూడండి, ఎంత తెల్లగా ఉందో, ఒక్కటి విరగలేదు, ఇంకో రకం చూడండి, దీన్ని చూడండి అని ఒకటే ఊదర. ఆ పెద్దాయన కాసేపు ఓపిక పట్టాడు.

"బాబూ, నాను బర్ఫీలో ఏసుకోడానికి వచ్చేను," అన్నాడు. "ఈ గుండు పట్టుకెల్లి మళ్లీ నానే సితక్కొట్టుకోవాలేటి? నూక ఎక్కడున్నాదో అది సూపించు. బేగి ఎల్లిపోవాల, బస్సుంది."

అందరూ నవ్వారు. నా చెయ్యి మాత్రం కుప్ప మీద ఆగిపోయింది. పక్కన కూర్చున్నామె, "ఏటయినాదే?" అని మోచేత్తో పొడిచింది. ఏమయిందంటే, మూడు నెలలుగా నేను తిడుతున్న డాక్టరు స్థానంలో ఆ మిఠాయి ఆయన కనిపించాడు. గుండు పైన, నూక కింద అన్నది పప్పు గొప్పతనాన్ని బట్టి వేసిన వరస. కొనడానికి వచ్చినవాడి అవసరాన్ని బట్టి వేసింది కాదు. నేను నాకు గొప్పగా తోచినవి పైన పెట్టి, ఆ డాక్టరు దేనికోసం చూస్తున్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆయన అడిగాడు కూడా! ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని నోరు తెరిచి అడిగాడు. నేను "అందులో రాశాను" అన్నాను, గొప్పగా.

సాయంత్రం షిఫ్టు కాగానే మేస్త్రికి చెప్పి, మర్నాడు సెలవు పెట్టి అక్క ఊరు పోయాను. ఈసారి బొండం వద్దన్నాను. బావ నొచ్చుకున్నాడు, నొచ్చుకోనీ అనుకున్నాను. ఒకే ఒక్క తెల్లకాగితం తీశాను. ఇది చదివే మనిషి ఎవరు? అలిసిపోయిన డాక్టరు. ఎంతసేపు చదువుతాడు? ఒక గుటక మంచినీళ్లు తాగేంత సేపు. ఏం తెలుసుకోవాలి? ఇలా నన్ను నేను అడుక్కుంటూ కాగితం మీద నాలుగు శీర్షికలు పెట్టి, ఒక్కోదాని కింద చోటు వదిలాను. ఎందుకొచ్చాం. ఇప్పుడు ఏం మింగుతున్నాడు. ఏ నెల పరీక్షలో ఎంత వచ్చింది. మేం అడగాలనుకున్నవి.

శీర్షిక అందానికి పెట్టేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. శీర్షిక పెట్టి కింద ఖాళీ వదిలిపెట్టండి, మీకే తెలుస్తుంది. ఆ ఖాళీ మనల్ని వదలదు. "ఏం మింగుతున్నాడు" అని రాశాక, డాక్టరు ఇచ్చిన మూడు మందులు వేశాను. ఇంకా చోటు మిగిలింది. "అక్కా, ఈ ఇంట్లో బావ నోట్లో వేసుకునే ప్రతిదీ తెచ్చి ఇక్కడ పెట్టు," అన్నాను. అక్క వంటింట్లోంచి, చూరులోంచి, బావ చొక్కా జేబులోంచి తీసుకొచ్చింది. చివర్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. ఖాళీ అయిన నొప్పి బిళ్లల అట్టలు. ఇరవయ్యో ముప్పయ్యో కాదు, కుప్ప.

"ఇవన్నీ ఎన్నాళ్లవి బావా?"

"ఏమో మరి. నాలుగేళ్లు? అయిదేళ్లా? పిల్లలు ఆడుకుంటారని అట్టలు దాసింది మీ అక్క."

"రోజుకి ఒకటన్నావు."

"అదేదో మర్యాదకి సెప్పేను. ఈ మజ్జి నడుం మరీ లాగేత్తంది, మూడు కూడా ఏసుకుంతన్నాను." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "అదీ మందేనేటే? కొట్టులో సబ్బులు, అగ్గిపెట్టెలు పక్కనే ఉంటాది కదా."

పరీక్షల అంకెలు నెలల వరసన ఒకదాని కింద ఒకటి వేశాను. పెద్ద ఆసుపత్రిదైనా, సిగరెట్టు పెట్టె అట్టదైనా తేదీని బట్టే చోటు. అలా వేసేసరికి, ఎనిమిది పేజీల్లో నాకే కనిపించనిది కనిపించింది. ఆ అంకె ఒక్కసారి కూడా దిగలేదు. మెట్లెక్కినట్టు ఎక్కుతూనే ఉంది. అక్కకి చదువు రాకపోయినా వేలు పైనుంచి కిందకి జరుపుకుంటూ వచ్చి, "ఇది ఆగట్నేదు కదే," అంది.

బావ నా భుజం మీదుగా తొంగి చూశాడు. "మా తాతేడే?"

"తీసేశాను బావా."

"ఒక్క లైను కూడా నేదేటి?"

"లేదు. డాక్టరుకి మీ తాత అక్కర్లేదు."

నవ్వాడు గానీ, మొహం చిన్నబోయింది. నాకు అప్పుడు పట్టలేదు. కాగితం నింపే హడావుడిలో ఉన్నాను.

మళ్లీ అదే వరండా, అదే డాక్టరు. ఈసారి కాగితం ఇచ్చి నోరు మూసుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంతకంటే కష్టమైన పని చెయ్యలేదు. ఆయన పెన్ను పట్టుకుని చదివాడు. మొదటి శీర్షిక దాటాడు. రెండో దాంట్లో పెన్ను ఆగింది. నాలుగో మందు చుట్టూ గుండ్రంగా గీశాడు, ఇంకోసారి గీశాడు. అంకెల వైపు చూశాడు, మళ్లీ ఆ గుండ్రం వైపు చూశాడు.

"ఇది ఎవరిచ్చారు?"

"కొట్టులో బాబూ," అన్నాడు బావ.

"ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వద్దు. మీ ఊళ్లో ఈ జబ్బు అసలు ఎందుకొస్తోందో మాకూ పూర్తిగా తెలియదు. కానీ ఈ బిళ్ల మాత్రం మంట మీద కిరసనాయిలు పోసినట్టు. నడుం నొప్పికి వేరే ఇస్తాను. ఇంత ముఖ్యమైన సంగతి పోయినసారి ఎందుకు చెప్పలేదు?"

నేను నేల చూశాను. మా అక్క ఊరుకుంటుందా? "సెప్పేం బాబూ! మా సెల్లి రాసింది. నాకు గేపకముంది," అని సంచిలోంచి ఆ ఎనిమిది పేజీలు తీసి బల్ల మీద పెట్టేసింది. పారేశాను అనుకున్నవి! డాక్టరు చివరి పేజీ తిప్పి, అడుగు దాకా చదివాడు.

"రాశారే," అన్నాడు. "నేను చదవాల్సింది."

"నేను పైన రాయాల్సిందండీ," అన్నాను.

మూడు నెలలు. ఇద్దరు మర్యాదస్తుల మధ్య, చక్కటి దస్తూరిలో, పోయిన మూడు నెలలు. ఆ సిగ్గు ఇప్పటికీ నా దగ్గర పదిలంగా ఉంది, నాకది అవసరం. కొత్త పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడల్లా మొదటి పేజీ ముందు ఆ డాక్టరు వాడిపోయిన ముఖం తెచ్చి పెట్టుకుంటాను.

బిళ్లలు మానేశాక అంకె కిందకి దిగలేదు. అబద్ధం చెప్పను. కానీ ఎక్కడం ఆగింది. ఒక ఏడు, రెండేళ్లు, అయిదేళ్లు ఆగింది. చెట్లెక్కడానికి ఎట్టకేలకు ఇంకో మనిషి వచ్చాడు, బావ వరసకి తమ్ముడు. బావ కింద నిలబడి వాణ్ని తిడుతూ గడిపాడు. ఇటు ఆ ఒంటి కాగితం సంగతి ఊరంతా పాకింది. అక్క పనిగట్టుకుని చెప్పింది లెండి. ముందు వాళ్ల వీధివాళ్లు, తర్వాత జలంత్రకోట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో సంచులు పట్టుకుని వచ్చేవారు. నాలుగు శీర్షికలు అచ్చు వేయించి, ఖాళీలతో జిరాక్సు తీయించి పెట్టుకున్నాను. ఎవరైనా తాత దగ్గర మొదలెడితే, "ముందు డబ్బా బోర్లించు" అనేదాన్ని. కటువుగానే అనేదాన్ని. ఆ జిరాక్సు కాగితాలు చూసి, పుస్తకాలు వేసే ఒకాయన నన్ను ఆరోగ్యం మీద చిన్న పుస్తకం రాయమని అడిగాడు. అలా పప్పు బల్ల వదిలాను.

ఒకసారి బావని అడిగాను, ఆ ఎనిమిది పేజీలు ఇచ్చెయ్, చింపేస్తాను, చూస్తుంటే సిగ్గేస్తోంది అని. ఇవ్వలేదు. పొలం కాగితాలతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. "అది డాట్రుకి రాసేవు. ఇది నాకు రాసేవు. నాది నానెందుకిత్తాను?" అన్నాడు. సాయంత్రాలు కూతురిచేత చదివించుకునేవాడని అక్క తర్వాత చెప్పింది. తాత నీళ్లు మోసే చోట ప్రతిసారీ ఆపించి, ఇంకోసారి చదవమనేవాడట.

రెండువేల పది దగ్గర పడుతుండగా బావ పోయాడు. మిషను మీద పడుకోవాల్సి వచ్చింది, కానీ ఆఖరి కొద్ది నెలలే. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక జనం తోటలో నీడన కూర్చుని ఉన్నారు. అక్క పెట్టె తెరిచి ఆ కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది అందరికీ సదివి ఇనిపించమన్నాడు. నువ్వే సదవాలట," అంది.

చదివాను. ఆదిమానవుడి కాలం నాటి నా రాత. తాత, ఇసక, మొక్కలు, దిగలేక చెట్టు మీద ఏడ్చిన పిల్లాడు, గాలివానలు. వచ్చిన పని ముందు చెప్పని మనుషులు కదా, ఒక్కరు కూడా కదల్లేదు. ముసలివాళ్లు ఊకొట్టారు. నవ్వే చోట నవ్వారు. ఎక్కడైనా నేను తొందరపడితే, "మెల్లగా సదువమ్మా" అన్నారు. నేను డాక్టరు ముఖం కాసేపు మరిచిపోయాను. ఏడుపు ఆపుకుంటూ ఎనిమిదో పేజీకి వచ్చాను. అడుగున ఏముందో నాకు గుర్తే లేదు, తీరా కళ్ల ముందుకొచ్చేదాకా. నడుం నొప్పికి సాయంత్రం పూట ఒక బిళ్ల, చెట్లెక్కిన రోజు రెండు.

చదివి ఆగిపోయాను. ఇంక ఏమీ లేదు, పేజీ అయిపోయింది. బావ తర్వాత ఆ చెట్లెక్కే తమ్ముడు వెనక వరసలోంచి లేచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. చెప్పులు తొడుక్కుని, రెండడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక అట్ట తీసి మా అక్కకి చూపించాడు. సగం బిళ్లలు అయిపోయి ఉన్నాయి.

"ఒదినా, ఇదేనేటి ఆ బిళ్ల?"

అక్క నా వైపు చూసింది. నేను ఎనిమిదో పేజీ వెనక్కి తిప్పాను. వెనకంతా ఖాళీ. పెన్ను అడిగి తీసుకున్నాను.

"ఇలా వచ్చి కూర్చో బాబూ," అన్నాను. "ఇప్పుడు నువ్వు మింగుతున్నవన్నీ చెప్పు. ముందు అదే చెప్పు."